వదిన గొంతు

ఆ కంటి ఆస్పత్రిలో అందరికీ ఆమె వదినే. నిజానికి డాక్టరొక్కడికే ఆమె వదిన. అతను ఆమె భర్తకు స్వయానా తమ్ముడు. అయితే అతను పొద్దస్తమానం "వదినా, వదినా" అని కేకలు పెడుతుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? ఆమెకంటే పెద్దవాళ్లు కూడా వదినా అని వరస కలిపేశారు.

ఆమె పనల్లా శుక్లం ఆపరేషను జరిగినంతసేపూ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని పేషెంటు చెయ్యి పట్టుకోవడం. మత్తు కంటికే గాని మనిషికి కాదు కదా! మొహం మీద గుడ్డ కప్పేసరికి ఎంత మొనగాడికైనా గుండె జారిపోతుంది. "మీ చెయ్యి ఇలా ఇవ్వండి. నేనిక్కడే ఉన్నా" అనేది వదిన. బిగుసుకున్న వేళ్లు ఆమె చేతిలో మెల్లగా సడలేవి. అది తన చోటు అనుకునేది ఆమె.

ఒకరోజు మరిది మైకు పట్టుకొచ్చాడు.

"కొత్త సిస్టర్లకి నేర్పాలి వదినా. నువ్వు పేషెంట్లతో ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడు, రికార్డు చేస్తా."

"చిన్నప్పుడు మీ మేష్టారితో నీ తరఫున మాట్లాడిందీ నేనే. ఇప్పుడూ నేనేనా? నీ నోట్లో నాలుకెప్పుడొస్తుందిరా?" అని ఆటపట్టించింది. లోపల మాత్రం మురిసిపోయింది. మనసు పెట్టి మాట్లాడింది.

తర్వాత కొత్త యంత్రాలు దిగాయి. స్కానింగు గదిలో తీసిన కంటి కొలతలు నేరుగా మైక్రోస్కోపులోకే వచ్చేస్తున్నాయి. లెన్సు ఎటు తిప్పి కూర్చోబెట్టాలో వెలుగు గీతలే చూపిస్తున్నాయి. కాగితాలు వెతుక్కోవడం, కంటి మీద సిరా గుర్తులు పెట్టడం పోయాయి. తన చేతుల్లో పెరిగిన మరిది ఇంతవాడయ్యాడని వదిన అందరికీ చెప్పుకుంది.

ఓ సోమవారం థియేటర్లోకి వెళితే స్టూలు లేదు. దాని చోట పెద్ద స్క్రీను నిలబడి ఉంది.

"నువ్వింక వార్డులో కూర్చో వదినా. కాస్త విశ్రాంతిగా ఉంటుంది" అన్నాడు మరిది, ఆమె మొహంకేసి చూడకుండా.

పేషెంటు చెవులకి సిస్టరు హెడ్‌ఫోన్లు పెడుతోంది. ఏవో పాటలు కాబోలనుకుని వదిన బయటికొచ్చేసింది.

మొదటి ఆపరేషను అయింది. బట్టలు కుట్టే ఒక పెద్దావిడని, కంటికి కవచంతో, వార్డులోకి తెచ్చి పడుకోబెట్టారు.

"మంచినీళ్లు తాగుతారా అమ్మా?" అంది వదిన.

పెద్దావిడ గభాలున తల తిప్పింది. "ఆ గొంతు నీదే కదూ?"

"ఏ గొంతమ్మా?"

"ఇంకే గొంతు! లోపల నా చెవిలో మాట్లాడావే! చెయ్యి ఇవ్వమన్నావు, ఇక్కడే ఉన్నానన్నావు. నమ్మి, గుడ్డ కిందనించి చెయ్యి చాపాను. ఎవరూ పట్టుకోలేదు. పైగా కదలొద్దని డాక్టరు కసిరాడు. ఎందుకమ్మా అంత అబద్ధమాడావు?"

వదినకి ఆ హెడ్‌ఫోన్లు, ఆనాటి మైకు గుర్తొచ్చాయి. విషయం అర్థమై ఒళ్లు మండిపోయింది. సొంత మరిది! అడిగి తీసుకుంటే పోయేదానికి దొంగతనం చేశాడు.

చేతులు కడుక్కుంటున్న అతని దగ్గరికి విసవిసా వెళ్లింది. "నా గొంతు వాళ్ల చెవుల్లో పెట్టావా?"

"నీ గొంతుకంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది వదినా? థియేటర్లో ఒక మనిషి తగ్గితే పని త్వరగా తెములుతుంది. ఇంకా ఎంతోమందికి చూపొస్తుంది. వద్దంటావా?"

"వద్దని ఎప్పుడన్నాను? నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే బాధపడతావని."

"ఆవిడ నా మాట నమ్మి చెయ్యి చాపిందిట్రా!"

"అవును, ఎంత ప్రమాదం! చెయ్యి ఇవ్వండి అన్న ముక్క తీసేయిస్తాలే. మిగతాదంతా బ్రహ్మాండంగా ఉంది."

మిగతాదంటే, "నేనిక్కడే ఉన్నా."

అతని వెనక థియేటరు తలుపు మూసుకుంది. కళ్లనీళ్లు తుడుచుకుని వదిన వార్డుకి తిరిగొచ్చింది. పెద్దావిడ మంచం పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది.

ఆవిడ చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.