కరిగిపోయిన నేల

కృష్ణమోహన్‌కి ఒక అలవాటుంది. గదిలోంచి బయటికి వచ్చేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఏ స్విచ్ వేసి ఉన్నా ఆపేసిగానీ కదలడు. పెళ్ళైన కొత్తలో గుంటూరులో ఫ్యాను, రేడియో, వరండా లైటు వరసగా కట్టేసుకుంటూ వచ్చే ఆ మనిషిని చూసి వసుమతి ముచ్చటపడింది కూడా. ఇంత జాగ్రత్తగల మనిషి దొరకడం తన అదృష్టమనుకుంది.

అతని ఉద్యోగం అరిజోనాలో, చాండ్లర్‌లో. ఆమె చదువు అలాస్కాలో, ఫెయిర్‌బ్యాంక్స్‌లో. ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేల మీద పరిశోధన. కిందటి వేసవిలో హెలికాప్టర్‌లో ఉత్తరాన కొండల అవతలికి వెళ్ళి, దోమలు మొహాన్ని తినేస్తుంటే, డ్రిల్లుతో తవ్వించి తీసిన మట్టి కడ్డీలు ఆమె లాబ్‌లో ఫ్రీజర్ నిండా ఉన్నాయి. వాటిని పొరపొరగా కోసి పరీక్షించాలి. కోసే యంత్రం ఆమె వంతుకి డిసెంబర్‌లో వస్తుంది. థీసిస్ అంటే ఆ ఫ్రీజరే. ఈ ఏడాదితో చదువు తేలకపోతే చాండ్లర్ వచ్చేస్తానని ఆమె భర్తకి మాట ఇచ్చింది.

నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ పండగ సెలవులకి అతను వచ్చాడు. కూరలు కొనడానికి వెళితే, షాపు ముందు మనిషి లేని కారొకటి పొగలు కక్కుతూ నిలబడి ఉంది.

"వసూ, ఎవరో మహానుభావుడు ఇంజన్ ఆపడం మర్చిపోయాడు చూడు!"

"మర్చిపోలేదండీ. ఈ చలికి ఆపితే మళ్ళీ స్టార్ట్ అవదు. ఇక్కడ అందరూ అంతే."

"తాళం కూడా దానికే ఉంది! బెజవాడలో అయితే ఈపాటికి ఏలూరు దాటేసేది."

"ముందు మీ చేతులు జేబులో పెట్టుకోండి. మీరు ఆపేసినా ఆపేస్తారు."

ఇద్దరూ నవ్వుకున్నారు.

మర్నాడు లాబ్ చూపించడానికి తీసుకెళ్ళింది. పండగ కాబట్టి ఎవరూ లేరు. ఫ్రీజర్ మూత ఎత్తి, మంచు తుడిచి, ఒక కడ్డీ చూపించింది.

"ఈ బురద కోసమా నన్ను వదిలి ఇంత దూరం వచ్చావు?"

"బురద అనకండి. ఇదిగో, ఈ గడ్డిపోచ పచ్చగా ఉన్ననాటికి మనుషులకి వ్యవసాయమే తెలీదు."

అతను వంగి చాలాసేపు చూశాడు. "పప్పూ కూరలూ పెట్టుకోవాల్సిన చోట మట్టి పెట్టుకున్నావు. సరే, నీ ఇష్టం," అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు. అది చాలనిపించింది ఆమెకి. కారు వేడెక్కించడానికి ముందు తను వెళ్ళింది. అతను వెనకాల లైటు తీసేసి వచ్చాడు.

ఆదివారం అతను విమానం ఎక్కాడు. సోమవారం పొద్దున లాబ్ తలుపు తియ్యగానే వాసన తగిలింది. నిలవ నీళ్ళలో కుళ్ళిన ఆకుల వాసన. ఫ్రీజర్ కింద గోధుమరంగు మడుగు. మూత ఎత్తితే కడ్డీలు లేవు. బురదే ఉంది. ఫ్రీజర్ తీగ గోడదాకా అందక బల్ల కింద ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టుకుంది. ఆ బోర్డు మీది ఎర్రదీపం ఆరిపోయి ఉంది. ఆ ఊళ్ళో చలికాలంలో ఎవరూ ఏదీ ఆపరు. అందుకే దాని మీద ఆపవద్దని కాగితం అంటించాలని ఎవరికీ తోచలేదు.

ఆమె గైడు ప్రొఫెసర్ హెండ్రిక్స్ వచ్చి చూశాడు.

"మళ్ళీ గడ్డకట్టిస్తే?" అంది. జవాబు తనకే తెలుసు.

"పొరలు కలిసిపోయాయి కదమ్మా. మళ్ళీ వెళ్ళి తవ్వుదామంటే హెలికాప్టర్‌కిచ్చిన గ్రాంటు డబ్బు కూడా అయిపోయింది," అన్నాడాయన.

బకెట్లతో మోసుకెళ్ళి భవనం వెనక పారబోసింది. బయట సున్నాకి నలభై డిగ్రీలు కింద. ఊరు, నది, చెట్లు, కంటి రెప్పల మీది తడి, అన్నీ గడ్డకట్టే ఉన్నాయి. కరిగింది ఆమె మట్టి ఒక్కటే. అది కూడా నేల మీద పడిన కాసేపటికి బిగుసుకుపోయి, ఎందుకూ పనికిరాని ముద్దయింది.

మధ్యాహ్నం అతని ఆఫీస్‌కి ఫోన్ చేసింది.

"ఏమండీ, లాబ్‌లోంచి వస్తూ ఏదైనా ఆపారా?"

"ఆపాగా! బల్ల కింద ఏదో బోర్డు ఎర్రగా వెలుగుతోంది. ఇంతింత చదువుకున్నవాళ్ళు, ఆమాత్రం చూసుకోరేమిటే? ఏ షార్ట్ సర్క్యూటో అయితే?" ఆ గొంతులో చిన్న గర్వం. "ఏం, ఎవరైనా ఏమన్నా అన్నారా?"

చెబితే జన్మంతా బాధపడతాడు. ఆ బాధని జన్మంతా ఓదార్చాల్సింది మళ్ళీ తనే.

"ఎవరూ ఏమీ అనలేదు. నాకు టికెట్ బుక్ చేయండి. వచ్చేస్తాను."

"అదేమిటి? మరి చదువు?"

"ఇది తేలేది కాదండీ."

సంతోషాన్ని అతను దాచుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"సరేలే, బెంగ పెట్టుకోకు. నేను చూసుకుంటాగా. ఆఁ, వసూ, బయల్దేరేటప్పుడు గదిలో హీటర్ ఆపేసి రా. మర్చిపోకు."

హీటర్ ఆపితే నీళ్ళు గడ్డకట్టి గోడల్లో పైపులు పగిలిపోతాయి.

"అలాగేనండీ," అంది.