బావమరిది ఎత్తేసిన కట్టడి

మా ఆవిడ తమ్ముడు ఆసుపత్రిలో మెయిల్ సర్వరు చూసేవాడు. ఎప్పటికైనా వాడికి బుద్ధి వస్తుందని ఆవిడ నమ్మింది. అది చూడకుండానే పోయింది.

వచ్చే ప్రతి మెయిల్‌నూ జల్లెడ పట్టి చెత్త ఏరేసే ప్రోగ్రాం ఆ సర్వరులో ఉంది. ఒక్కో మెయిల్‌కు ఒక్కో జల్లెడ లేస్తుంది. అలాంటివి ఒకేసారి ఐదుకు మించి నడవకూడదని పాత ఉద్యోగి కట్టడి పెట్టి వెళ్లాడు. మిగతా మెయిళ్లు వరుసలో ఆగాలి. ఆలస్యమవుతోందని డాక్టర్లు గొణిగేసరికి మావాడు కట్టడి ఎత్తేశాడు.

"గేట్లు బార్లా తెరిచేశా బావా! ఇక మెయిళ్లు పరుగెత్తుకొస్తాయి" అన్నాడు మా ఇంట్లో అన్నం తింటూ.

"మా తమ్ముడంటే ఏమనుకున్నారు!" అని ఆవిడ మరో గరిటె వడ్డించింది.

తర్వాతి వారం చెత్త మెయిళ్లు వరదలా వచ్చాయి. మెయిల్‌కొక జల్లెడ లేచింది. మెమరీ అంతా అవే మింగేశాయి. సర్వరు కొయ్యబారింది. కట్టడి మళ్లీ పెడితే వరుస మెల్లగా కరిగేది. అందాకా డాక్టర్ల తిట్లు తినాలి. ఆ ఓపిక లేక, ఆగిన మెయిళ్లన్నీ తుడిచేశాడు.

జ్వరమని అదే ఆసుపత్రిలో చూపించుకున్న మా ఆవిడ రక్తపరీక్ష ఫలితం అందులోనే ఉంది. ఇన్‌ఫెక్షన్ ముదిరింది, వెంటనే చేర్చుకోండని బయటి ల్యాబు రాసింది. పంపేశాం కదా అని ల్యాబు ఊరుకుంది. ఏమీ రాలేదు కదా అని డాక్టరు ఊరుకున్నాడు. ఆవిడ గిన్నెలు తోముతూ కూలబడింది.

తుడిచేసిన సంగతి శవం పక్కన ఏడుస్తూ వాడే చెప్పాడు. ఏడుపు ఆగాక, ఆ మాట అననే లేదన్నాడు.

ఆసుపత్రి విచారణ పెట్టింది. ముందురోజు సాయంత్రం వాడు తల్లిని వెంటేసుకొచ్చాడు.

"బావా, డాక్టరు ఫోన్ చేసి రమ్మన్నా అక్కే రానందని చెప్పు చాలు. ఆయనా సరేనన్నాడు."

"అంటే తప్పు దానిదా?"

"పోయినవాళ్ల ఉద్యోగం పోదు కదా బావా."

అత్తయ్య కళ్లొత్తుకుంది. "దేవుడు నా కూతుర్ని తిన్నాడు. వీడి నోటికాడ కూడు నువ్వు లాగేస్తావా అల్లుడూ?"

"దేవుణ్ణెందుకు ఆడిపోసుకుంటారు అత్తయ్యా? తిన్నవాడు మీ పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు."

వాడు కప్పు కింద పెట్టేశాడు.

మర్నాడు విచారణ గదిలో అధికారి అడిగాడు: "మీకు ఫోన్ వచ్చిందా?"

"రాలేదు. వచ్చుంటే భుజాన వేసుకుని తెచ్చేవాణ్ణి."

తుడిచేశానని వాడు నాతో అన్న మాట కూడా చెప్పాను. వాడి ఉద్యోగం ఊడింది.

చుట్టాలు నన్ను బండరాయి అంటున్నారు. అననీ. కడుపు చల్లబడిందా అని అత్తయ్య కబురంపింది.

లేదని చెప్పి పంపాను.