మిద్దె మీద వాన

అనంతపురం పాతూరులోని పాత కట్టడాలను పిల్లలకు కాలినడకన చూపించాలన్న బుద్ధి హెడ్‌మాస్టరు విష్ణువర్ధన్‌కు పుట్టింది. ఆయనకు ఒకటి పుట్టిందంటే ఆపడం బ్రహ్మతరం కాదు. ఏడో తరగతిని వరుసలో నిలబెట్టి, సోషల్ టీచర్ రేఖను వెనక కాపలా పెట్టి, గడియారస్తంభం దగ్గర మొదలుపెట్టి సందుసందూ తిప్పాడు. మాటల్లో పడితే ఆయనకు ఎండా తెలియదు, పిల్లల ఆకలీ తెలియదు.

గురప్ప సత్రం దగ్గరికి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. మూడేళ్లుగా సరైన వాన మొహం చూడని ఊరు. నాలుగు చినుకులు పడగానే వీధిలో జనం కేకలు పెట్టారు. ఆ వెంటనే కుండపోత. "లోపలికి పదండ్రా, లోపలికి!" అంటూ హెడ్‌మాస్టరు అందర్నీ సత్రంలోకి తోలాడు.

రేఖ గడప దాటి పైకి చూసింది. అది మట్టి మిద్దె. దూలాల మీద బండలు, బండల మీద మందంగా మట్టి. ఏటా వానలకు ముందు పైన చౌడుమట్టి పరిచి తొక్కితేనే నీళ్లు దిగకుండా ఉంటాయి. వానే లేని ఊళ్లో చౌడు ఎవడు పోస్తాడు? ముదిగుబ్బ దగ్గర రేఖ వాళ్ల ఊళ్లోనూ ఎవరూ పోయలేదు. వాన పడి కరువు తీరిందని నాయన వాకిట్లో గంతులేస్తున్న పూటే, లోపల పడుకున్న ఆమె తమ్ముడి మీద మిద్దె కూలింది. అప్పటికి రేఖ ఇంకా పలక పట్టే పిల్ల.

ఇక్కడా దూలం పక్కనుంచి సన్నగా మట్టి రాలుతోంది.

"సార్, పిల్లోళ్లని బయటికి తీస్కపోదాం. ఈ మిద్దె నిలబడదు."

"ఏమ్మా, మతి పోయిందా? మా తాతల కాలం నుంచి నిలబడుండాది ఇది. పిల్లోళ్లు తడిసి జొరాలొస్తే వాళ్ల అమ్మానాయనలు నన్ను తంతారు."

"అది ఎండలో నిలబడింది సార్!"

ఆయన వింటేనా! అటు తిరిగి స్తంభాల మీద చెక్కిన చిలకల్ని చూపించడంలో పడ్డాడు. గట్టిగా అరిస్తే పిల్లలు బెదిరి ఆ ఇరుకు తలుపు దగ్గర తొక్కుకుంటారు. రేఖ చప్పట్లు కొట్టి, లేని నవ్వు మొహాన పులుముకుంది.

"ఒరేయ్, ఇంత వాన వస్తాంటే ఈడ మూలన నిలబడతారా? తడుద్దాం రాండి! ఒగరెనక ఒగరు!"

ఇంకేం కావాలి వాళ్లకు? క్షణంలో వాకిట్లో ఉన్నారు. "రేఖా! ఏం పనమ్మా ఇది!" అని అరుస్తూ, వాళ్లను పట్టుకోబోయి హెడ్‌మాస్టరూ బయటికొచ్చి తడిసి ముద్దయ్యాడు.

రేఖ పిల్లలందరి మొహాలూ చూసుకుంది. జాయ్ ఒక్కతే లేదు.

"జాయ్ ఎనక రూములో నీళ్లు పట్టుకుంటాండాది టీచర్" అన్నాడు ఓబుళేసు.

రేఖ గడప దగ్గరికి పరిగెత్తి ఆగిపోయింది. లోపలికి పోతే తిరిగి రానని ఆమెకు గట్టిగా అనిపించింది. "జాయ్! రావే, తల్లీ!" వాన హోరులో ఆ కేక ఆమెకే వినబడలేదు. ఏడుస్తూనే లోపలికి ఉరికింది.

వెనక గదిలో కప్పు నుంచి ఎర్రటి నీళ్లు ధారగా కారుతున్నాయి. కింద జాయ్ తన నీళ్ల సీసా పట్టుకుని నిలబడి ఉంది. వాళ్ల పేటలో కుళాయి వారానికోసారి వస్తే గొప్ప. నీళ్లు కారుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆ పిల్లకు చేతకాదు.

"వస్తాండా టీచర్, ఇంగ కొంచెమే."

పైన దూలం కిర్రుమంది. రేఖ ఆ పిల్ల జబ్బ పట్టి లాగింది. సీసా జారింది. దానికోసం వంగబోయిన పిల్లను నడుం పట్టి ఎత్తుకుని, పడుతూ లేస్తూ వాకిట్లోకి వచ్చి పడింది.

వెనక ఢామ్మంది. వెనక గది కూలింది. దాని వెంటే ఇందాక పిల్లలు నిలబడిన ముందు సావిడి కూడా. అంత వానలోనూ దుమ్ము లేచింది.

రేఖ జాయ్ చెంప ఛెళ్లుమనిపించింది. వెంటనే ఊపిరాడనంతగా కావలించుకుంది. హెడ్‌మాస్టరు పిల్లల తలలు తడుముతూ, తడిమినవాళ్లనే మళ్లీ తడుముతున్నాడు.

జాయ్ వెక్కుతూ అంది. "సగం గూడా నిండలేదు టీచర్. మాయమ్మ అరుస్తాది."

"అరవదులే" అంటూ రేఖ ఆ పిల్ల మొహానికంటిన మట్టిని అరచేత్తో తుడిచింది. గోడకు అవతల వీధిలో జనం వానొచ్చిందని ఇంకా ఈలలేస్తూనే ఉన్నారు.