తార్నాకలో డెమో క్లాసు

తార్నాకలో ఇంగ్లీషు కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. మెట్రో మెట్లు దిగితే చాలు, ఎవరో ఒకరు చేతిలో కరపత్రం పెడతారు. అలాంటి ఒక సెంటర్లో టీచరు ఉద్యోగం కోసం అరుంధతి డెమో క్లాసు చెప్పింది. డెమో కూడా పెళ్లిచూపుల్లాంటిదే. ముస్తాబై వెళ్లాలి, నచ్చామో లేదో వాళ్లు కబురు చేసేదాకా ఎదురుచూడాలి.

క్యాంపస్‌లో ఆమె ఇంగ్లీషు పీహెచ్‌డీ పూర్తయింది. నెలాఖరుకు హాస్టలు గది ఖాళీ చేయాలి. ఈ ఉద్యోగం వస్తే నల్లకుంటలో చిన్న గది చూసుకోవచ్చు. రాకపోతే సామాను ఎక్కడ దించాలో ఆమెకే తెలియదు. కోటి విద్యలు కూటి కొరకే కదా. అందుకే సింపుల్ పాస్ట్ పాఠం ప్రాణం పెట్టి చెప్పింది. పట్టికలు బట్టీ పట్టించలేదు. నిన్న ఏం చేశారో ఒక్కొక్కరినీ లేపి అడిగింది.

ముందు బెంచీలోని సుజాత లేచి, "యెస్టర్‌డే ఐ యామ్ గో టు హాస్పిటల్" అంది.

అరుంధతి నవ్వలేదు. "పోయొచ్చినవా, ఇంకా ఆడనే ఉన్నవా?"

"పోయొచ్చిన మేడం."

"అయిపోయిన పనికి యామ్ ఎందుకమ్మా? వెంట్ అను, సరిపోతది."

క్లాసంతా తలలూపింది. వెనక కూర్చున్న యజమాని జ్ఞానప్రకాశం కూడా ఊపాడు. "చాలా బాగా చెప్పారు మేడం. ఫోన్ చేస్తాం" అన్నాడు.

ఫోను రాలేదు. తన ఉచ్చారణ నచ్చలేదేమో, చీర పాతబడిందేమో అని అరుంధతి తనలోనే తప్పులు వెతుక్కుంది.

ఒక మధ్యాహ్నం క్యాంపస్ క్యాంటీన్‌లో జూనియర్ నరేందర్ ఛాయ్ తాగుతూ సంబరంగా చెప్పాడు. "అక్కా, తార్నాకల జ్ఞానప్రకాశం సారు డెమోకు పిలిచిన్రు. రేపే."

"టాపిక్ ఏంది?"

"పాస్ట్ కంటిన్యుయస్. సింపుల్ పాస్ట్ అయిపోయిందంట, దాని తర్వాతది చెప్పమన్నడు."

అరుంధతి ఛాయ్ గ్లాసు కింద పెట్టేసింది. ఆమె వెళ్లిన రోజు బోర్డు మీద ప్రెజెంట్ టెన్స్ సగం చెరిపి ఉంది. ఎవరిదో వేరే చేతిరాత. అంటే పాఠానికొక నిరుద్యోగి. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అన్నారా! వెట్టి పోయిందని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఇక్కడ ఇస్త్రీ బట్టలు కట్టించి మరీ చేయిస్తున్నారు.

"పోకు నరేందర్, ఆడ ఉద్యోగమే లేదు" అని అంతా విప్పి చెప్పింది.

నరేందర్ తల దించుకున్నాడు. "నీకు రాలేదని నాకూ రాదంటవా అక్కా? ఒకవేళ తీస్కుంటే?"

ఆ మాట ఆమె మనసుకు గుచ్చుకుంది.

మర్నాడు అతనికంటే ముందే తార్నాక వెళ్లింది. జ్ఞానప్రకాశం ఇంకా రాలేదు. క్లాసు ముందు నిలబడి చెప్పేసింది. ఇక్కడ పాఠం చెప్పేవాళ్లెవరికీ జీతం లేదని, అందరినీ ఉద్యోగం ఆశ చూపి ఒక్కరోజుకు పిలుస్తున్నారని. పిల్లలు భగ్గుమంటారనుకుంది. ఒక్కరూ ఆశ్చర్యపోలేదు.

సుజాత లేచింది. "మాకెరికే మేడం. మొదట్ల జీతం సారు ఉండె. ఫోన్ చూస్కుంట చెప్పేటోడు, డౌటడిగితే కసురుకునేటోడు. ఇప్పుడొచ్చేటోళ్లు జాబ్ కోసం పాణం పెట్టి చెప్తున్నరు. మాకు గూడ ఎగ్జామ్ ఉన్నది గదా. గిట్లనే నడవనియ్యిండ్రి." ఆ తర్వాత ఎంతో ప్రేమగా అంది, "అందరిల మీ క్లాసే మంచిగుండె. పాస్ట్ పర్ఫెక్ట్‌కు మిమ్ములనే పిలవమని సారుకు చెప్పినం."

అరుంధతికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. మెట్ల మీద నరేందర్ కొత్త చొక్కాలో ఎదురయ్యాడు. ఆమె వైపు చూడకుండా పైకి వెళ్లాడు.

సాయంత్రం పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే ఫోను మోగింది.

"మేడం, జ్ఞానప్రకాశాన్నండి. సెకండ్ రౌండ్ డెమో. ఇదే ఫైనల్. పాస్ట్ పర్ఫెక్ట్ చెప్పాలి, ఎల్లుండి రాగలరా?"

తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. గదిలో ఇంకా సర్దాల్సిన సామాను చూసింది. ఒకవేళ తీసుకుంటే?

"ఎన్ని గంటలకు సార్?" అంది.