ట్రేలో వరుస

ఎనభై ఏళ్ల దాత కంటి కటకం. తెర మీద నీటి గీత ఎక్కడ ఆగాలో చెల్లెలికి ముందే తెలుసు. లేజరు కాంతి పడగానే గీత రెండుచోట్ల లేస్తుంది: ఒకటి ప్రొటీన్‌ది, రెండోది నీటిది. ముసలి కటకాల్లో రెండోది పొట్టిగా ఉంటుందని అక్కా తనూ మూడేళ్లు కొలిచి తేల్చారు. మధ్యాహ్నం సభలో అక్క చెప్పబోయేది అదే.

గీత నిలువునా లేచింది, పసిపిల్లాడి కటకంలో లేచినట్టు.

ముందు మిషన్ మీద కోపం వచ్చింది. మళ్లీ కొలిచింది. అదే ఎత్తు.

అప్పుడు తన వేలికున్న కట్టు కనిపించింది. నిన్న గాజుపలక కోసుకుంది. ఎడమచేత్తో తీయలేక ఈ ఉదయం ట్రేని తిప్పి కుడిపక్కన పెట్టుకుంది, దాంతో చివరివి ముందుకొచ్చాయి. రోజూ పిల్లల కటకాలు ముందు, ముసలివాళ్లవి చివర. చూడముచ్చటగా ఉంటుందని తనే పెట్టిన వరుస. చివరివాటి వంతు వచ్చేసరికి పూట గడిచిపోయేది. అంతసేపూ ట్రేకి మూత ఉండేది కాదు.

ఆగకుండా మిగతావన్నీ కొలిచింది. అన్నిటికన్నా చివర మిగిలింది ఆరేళ్ల పిల్లాడిది. నీటి గీత నేలకు కరుచుకుపోయింది.

వయసుతోపాటు నీరు తగ్గే ఆ నున్నటి వాలును చూసి ఏళ్ల తరబడి మురిసిపోయిన తను, ఎవరో పరాయి మనిషిలా తోచింది. ఆ మనిషికి ఒక్కనాడైనా అనుమానం ఎందుకు రాలేదు?

తలుపు తోసుకుని అక్క వచ్చింది. "ఏమే, దెయ్యాన్ని చూసినట్టు ఆ మొహమేంటి? నా జుట్టు అంత ఘోరంగా ఉందా?"

"కూర్చో అక్కా."

"కూర్చుంటే ఇస్త్రీ నలుగుతుంది. చెప్పు."

"ఇదిగో, పిల్లాడి కటకం."

అక్క తెర చూసి నవ్వింది. "లేబుళ్లు తారుమారు చేశావా, మొద్దూ?"

"లేబుళ్లు సరిగ్గానే ఉన్నాయి. ఇవాళ ముసలివి ముందు కొలిచా. నిండా నీళ్లే. మూడేళ్లూ మనం కొలిచింది కటకాలు ట్రేలో ఎంతసేపు ఆరాయన్నదే."

అక్క నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్ని తీసేయడం మర్చిపోయినట్టు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

తిడితే బాగుండునని చెల్లెలికి అనిపించింది. అక్క తిట్టలేదు. కట్టున్న వేలిని చాలాసేపు చూసింది. తర్వాత స్టూలు లాక్కుని, ఇస్త్రీ బట్టలతోనే కూలబడింది.

"ఫోనిలా ఇవ్వు. సభకి రావట్లేదని చెప్తా."

చెల్లెలు ఫోను ఇచ్చింది. తర్వాత, ఇన్నేళ్లలో మొదటిసారి, ట్రేకి మూత పెట్టింది.