నీలం సంతకాల జెరాక్స్ మిషను

అక్క వకీలు. చెల్లెలు ఆ ఆఫీసు నడుపుతుంది. వచ్చే కక్షిదారులు అక్కని పెద్ద మేడమ్ అనీ, చెల్లెల్ని చిన్న మేడమ్ అనీ పిలుస్తారు. కోర్టులో వాదించేది పెద్ద మేడమ్. అద్దె, కరెంటు, జీతాలు, కాగితం కట్టలు, వీటన్నిటితో కుస్తీ పట్టేది చిన్న మేడమ్.

పాత జెరాక్స్ మిషను కాగితాల్ని నమిలి ఊస్తుంటే బావ రంగంలోకి దిగాడు. బేరమాడటమంటే ఆయనకి మహా సరదా. ఒక సాయంత్రం విజయం సాధించినవాడిలా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“మరదలా, సగం ధరకి కొట్టేశాను! రిపేర్లు వాళ్ళే చేస్తారు, ఇంకు పొడి వాళ్ళే పోస్తారు. మనం కాపీకింత అని కడితే చాలు.”

“సంతకం కూడా పెట్టేశారా? మనం నెలకి ఎన్ని కాపీలు తీస్తామో తెలుసా బావా మీకు?”

“అదేమన్నా బ్రహ్మవిద్యా?” అన్నాడు బావ.

మిషను వచ్చింది. కక్షిదారులు కూర్చునే గదిలో సగం అదే ఆక్రమించింది. కాపీలు మాత్రం ముచ్చటగా వచ్చేవి. దస్తావేజు మీద నీలం సంతకం కాపీలోనూ నీలంగానే రావడం చూసి చిన్న మేడమ్ కూడా మురిసిపోయింది.

ఆ మురిపెం మొదటి బిల్లుతోనే తీరిపోయింది. పొరపాటు పడ్డారనుకుంది. రెండో బిల్లు ఇంకా పెరిగేసరికి ఫోన్ చేసింది.

“కలర్ కాపీలు ఎక్కువ తీశారు మేడమ్,” అంది అవతలి అమ్మాయి.

“మేమా? వకీలు ఆఫీసులో సినిమా పోస్టర్లు వేస్తున్నామనుకున్నావా?”

ఆ మధ్యాహ్నం ఆమె మిషను పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఉత్త టైపు కాగితం పెట్టింది. తెరమీద నలుపు లెక్క ఒకటి పెరిగింది. తర్వాత, అడుగున నీలం సంతకమున్న కాగితం పెట్టింది. ఈసారి కలర్ లెక్క పెరిగింది. పేజీ నిండా నల్లక్షరాలే, మూలన వేలెడంత సంతకం. దానికి నలుపు కాపీకి ఎన్నో రెట్ల రేటు! సంతకమో, ముద్రో లేని కాగితం వకీలు ఆఫీసులో ఎందుకుంటుంది? తెరమీద ‘కలర్ ఆటో’ అన్న మీటని నలుపుకి మార్చి అదే కాగితం మళ్ళీ తీస్తే, నలుపు లెక్కే పెరిగింది.

ఒళ్ళు మండిపోయింది. ఒప్పందం తీసి మొదట్నుంచీ చివరిదాకా చదివింది. తీసినా తీయకపోయినా నెలకి ఇన్ని కాపీలకి కట్టాల్సిందే. కోర్టుకి సెలవులున్న నెలల్లోనూ అంతే. రేటు ఏటేటా పెరుగుతుంది. ఐదేళ్ళ దాకా మధ్యలో వదిలించుకోవడానికి లేదు. అమ్మకం ధరలో తగ్గించినదంతా ఏడాది తిరక్కుండానే లాగేసుకుంటారన్నమాట.

“సంతకం పెట్టాడు కదే, కట్టక తప్పదు,” అంది అక్క, కాగితాలు తిరగేసి. బావ కిటికీలోంచి వీధి చూస్తున్నాడు.

“చట్టం నువ్వు చూసుకో అక్కా. నేను వెళ్ళి ఆ మనిషి మొహం చూసొస్తా.”

షోరూములో సేల్స్‌మన్ ఎదుట ఒక బడి హెడ్మిస్ట్రెస్ కూర్చుని ఉంది. చేతిలో పెన్ను, ముందర అదే ఒప్పందం.

“మా మిషన్ని కలర్ ఆటోలో పెట్టిందెవరు?” అంది చిన్న మేడమ్, కూర్చోకుండానే.

“మా టెక్నీషియన్ మేడమ్. అన్ని మిషన్లకీ అలాగే పెడతాడు.”

“అన్నిటికీనా? అంటే ఊరందరి జేబుల్లోనూ ఒకేసారి చెయ్యి పెట్టారన్నమాట! ఒక్క మీట నొక్కితే అంతా నలుపులో వస్తుందని మాకెందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు కదా మేడమ్.”

“తెలిస్తే కదయ్యా అడగడానికి! తెలియదనే కదా మీ దగ్గరికి వచ్చింది!”

హెడ్మిస్ట్రెస్ నెమ్మదిగా అడిగింది: “పిల్లల పేపర్ల మీద మేం ఎర్ర సిరాతో మార్కులు వేస్తాం బాబూ. అదీ కలర్ కిందేనా?”

సేల్స్‌మన్ బల్ల మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

“సంతకం పెట్టకండమ్మా,” అంది చిన్న మేడమ్. “మిషను ధర తర్వాత. ముందు బళ్ళో నెలకి ఎన్ని కాగితాలు తీస్తారో చూసుకోండి. వేసవి సెలవుల్లో కూడా కట్టాలా, ఏటా ఎంత పెంచుతారు, మధ్యలో వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ అడగండి. ఐదేళ్ళకీ కలిపి లెక్క కట్టమనండి. అప్పుడు తెలుస్తుంది ఇది చవకో కాదో.”

హెడ్మిస్ట్రెస్ పెన్నుకి మూత పెట్టేసింది. లోపలి గదిలోంచి మేనేజరు పరుగున వచ్చాడు.

“లోపల కూర్చుని మాట్లాడుకుందాం మేడమ్...”

“ఇక్కడే మాట్లాడుకుందాం. ఈవిడ కూడా వింటారు.”

చివరికి, సంతకాల కాపీలన్నీ నలుపు కింద లెక్కేసి, అదనంగా తీసుకున్నది వెనక్కిస్తామని మేనేజరు రాసిచ్చాడు. సెలవు నెలలకి తప్పనిసరి కాపీలు తీసేశాడు. ఐదేళ్ళ షరతు మాత్రం తన చేతిలో లేదన్నాడు. ఎంత అరిచినా ఆ ఒక్కదాని దగ్గర కదల్లేదు.

“బానే సాధించావే,” అంది అక్క ఆ రాత్రి అన్నాల దగ్గర.

“సాధించడమేంటక్కా? మన డబ్బు మనకిచ్చినందుకు వాళ్ళకి దణ్ణం పెట్టాలా? అడగనివాళ్ళ సంగతేంటి? వాళ్ళింకా కడుతూనే ఉంటారు కదా!”

బావ తల వంచుకుని కంచంలో వేళ్ళు కదుపుతున్నాడు. కాసేపటికి ఫోన్ మోగింది. హెడ్మిస్ట్రెస్. పక్క బడివాళ్ళు కూడా అలాంటి మిషనే కొన్నారట, రేపొకసారి వచ్చి చూడగలరా అని.

“వస్తానమ్మా, తప్పకుండా వస్తా,” అంది చిన్న మేడమ్. చెయ్యి కడుక్కోవడానికి లేస్తుంటే ఆమె ముక్కుపుటాలు ఇంకా అదురుతూనే ఉన్నాయి.