ఏలుకుంటానన్న మాట

దూదేకుల దస్తగిరమ్మ మొగుడు ఆరేళ్లుగా జాడ లేడు. "యాడుండాడో అల్లాకే తెలుసు" అని మొగుడి అన్న కోర్టులో ప్రమాణం చేశాక, పందొమ్మిదివందల ముప్పైతొమ్మిదిలో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద ఆమెకు విడాకులిచ్చారు. ఆరు నెలల్లో మొగుడొచ్చి ఏలుకుంటానంటే మాత్రం ఆ తీర్పు చెల్లదు.

గడువు నాలుగు రోజుల్లో తీరుతుందనగా, ఆ అన్నే తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. దూది ఏకుతున్న దస్తగిరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇన్నేండ్లు యాడుంటివి?"

"బళ్లారిలో. అన్న జాబు రాసినాడు."

"మా ఇంటి ఆడది కోర్టుకెక్కి మొగున్ని వదిలితే మాకు మొగమేముంటాది?" అన్నాడు అన్న.

"ఏలుకుంటానని జడ్జి ముందర చెప్పి పోతా" అన్నాడు మొగుడు.

"యాడికి పోతావు?"

"బళ్లారికే. ఆడ పెండ్లాం బిడ్డలుండారు గదా."

మరునాడు కోర్టులో ఆ ఒక్క మాట చెప్పాడు. తీర్పు రద్దయింది. చట్టం లెక్కలో దస్తగిరమ్మ మళ్లీ మొగుడున్న ఆడది. ఆమె కోర్టు మెట్లు దిగేసరికే ఆ మొగుడు రైలుకు పోయాడు.